భూమి గురించి దిగులు, ఈ రోజు సంతోషం: మానసిక వైద్యుడితో ఫోన్-ఇన్

(నెల్లూరు నుంచి ప్రసారమైన కార్యక్రమానికి అక్షర రూపం. శ్రోతల పేర్లు తీసేసి ఊళ్లు మాత్రం ఉంచాం.)

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. ఎండలు, తుఫానులు, వరదలు చూస్తుంటే రేపటి రోజులు ఎలా ఉంటాయోనన్న దిగులు చాలామందిలో కనిపిస్తోంది. ఆ దిగులుతోనే బతకాలా, మనకెందుకని వదిలేసి హాయిగా ఉండాలా? మానసిక వైద్యులు డాక్టరు గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ గూడూరు నుంచి. చెప్పండమ్మా.

గూడూరు శ్రోత: నమస్కారమండీ. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఈ మధ్య ప్లాస్టిక్ కవరులో కూరగాయలు తెస్తే గొడవ, ఏసీ వేస్తే గొడవ. వాళ్ల మేనత్త కూతురి పెళ్లికి కూడా రానంటున్నాడు. భూమి తగలబడుతుంటే మీకు విందులు కావాలా అని అడుగుతాడు.

డాక్టరు: నిద్ర ఎలా ఉందమ్మా?

గూడూరు శ్రోత: రాత్రి రెండింటి దాకా ఫోను చూస్తూనే ఉంటాడండీ.

డాక్టరు: అసలు చిక్కు అక్కడుంది. పిల్లవాడు చెప్పేది అబద్ధం కాదు. లెక్కలు రాయడం మొదలైనప్పటి నుంచి 2024 అంత వేడి సంవత్సరం లేదు. కాబట్టి నీకెందుకురా ఇవన్నీ అని మాత్రం అనకండి. ఆ మాటతో వాడు ఇంట్లోనే ఒంటరివాడు అవుతాడు. పెళ్లిలో నీళ్ల సీసాలు మాన్పించి స్టీలు గ్లాసులు పెట్టించే బాధ్యత వాడికి అప్పగించమని మీ ఆడపడుచుకు చెప్పండి. పని చేతికి వస్తే పెళ్లికీ వస్తాడు. ఇంకో సంగతి కూడా చెప్పండి. ఓజోన్ పొరకు చిల్లు పడుతోందని మా చదువుల రోజుల్లో ఇలాగే భయపడ్డాం. 1987లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకుని, ఆ పొరను పాడుచేసే రసాయనాలను దాదాపుగా మాన్పించాయి. ఇప్పుడు ఆ పొర కోలుకుంటోంది. ఇలాంటి వార్త రాత్రి రెండింటికి ఫోనులో ఎదురుపడదు. ఫోను పడక మీదికి వెళ్లకూడదు. ఇది మాత్రం గట్టిగా...

వ్యాఖ్యాత: లైను తెగిపోయింది. తర్వాతి కాల్, కోవూరు నుంచి. చెప్పండి.

కోవూరు శ్రోత: నమస్కారం డాక్టరు గారూ. నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. నా వయసు... అది అలా ఉంచండి. మాది పెన్నకు దగ్గరే. 2021 నవంబరు వరద మీకు గుర్తుండే ఉంటుంది. పైనున్న సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయండీ. బియ్యం డబ్బాలో బురద. మా పాప చిన్నప్పటి ఫొటోలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీద్దామని చూస్తే ముఖాలు ఊడి వచ్చాయి.

డాక్టరు: చాలా కష్టం. ఇప్పుడు ఇబ్బంది ఏమిటి?

కోవూరు శ్రోత: అదే చెబుతున్నాను. మళ్లీ వస్తుందా రాదా? సముద్రం వేడెక్కుతోంది, తుఫానులు ఇంకా బలపడతాయి అంటున్నారు. సోమశిలలోకి నీళ్లు ఎంత వస్తున్నాయో ఫోనులో చూస్తుంటాను. ఎండాకాలంలో కూడా చూస్తాను. ఇంటి దస్తావేజులు ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెట్టాను. రాత్రి లేచి దించుతాను, ముడి విప్పి అన్నీ ఉన్నాయా అని చూసుకుంటాను, మళ్లీ కడతాను. మా ఆవిడ చూసి ఏడుస్తోంది. హైదరాబాదులో మనవరాలి పుట్టినరోజు ఉంది. ఇల్లు వదిలి ఎలా వెళ్లాలి? మా తమ్ముడేమో, ఎప్పుడో మునిగే దానికి ఇప్పుడే ఏడుపు ఎందుకు, తిని తిరుగు అంటాడు. వాడికి ఊరి చివర మెట్ట మీద ఇల్లు. అసలు ఆ ఇల్లు కట్టేటప్పుడు మా నాన్నగారు...

డాక్టరు: మాస్టారూ, ఒక్క నిమిషం. నిద్ర ఎంతసేపు పడుతోంది?

కోవూరు శ్రోత: మూడు గంటలు. ఒక్కోసారి అదీ లేదు. మళ్లీ వరద వస్తుందా రాదా, మీ అభిప్రాయం చెప్పండి.

డాక్టరు: నేను మనసుకు వైద్యం చేసేవాణ్ణి. వరద సంగతి నీటిపారుదల శాఖ వాళ్లు చెప్పాలి. అయినా అడిగారు కాబట్టి అంటున్నాను. పెన్న ఒడ్డున ఉన్నవాళ్లు వరద రాదు అనుకుని బతకకూడదు. మీ భయానికి కారణం ఉంది. మీ తమ్ముడు అన్నట్టు అది వట్టి ఏడుపు కాదు. కానీ ముడి ఎన్నిసార్లు విప్పి కట్టినా వరద ఒక్క అంగుళం కూడా తగ్గదు కదా?

కోవూరు శ్రోత: తగ్గదు. తెలుసు. తెలిసినా చెయ్యి ఆగదు.

డాక్టరు: చెయ్యి ఆగడం లేదంటే దాన్ని జబ్బు అంటాం. దానికి వైద్యం ఉంది. సిగ్గు పడాల్సిన పని లేదు. ఇక జాగ్రత్త సంగతి. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనకు వేలమంది పోయారు. 2023 డిసెంబరులో బాపట్ల దగ్గర మిచౌంగ్ తుఫాను తీరం దాటినప్పుడు ముందే హెచ్చరికలు అందాయి, లోతట్టు వాళ్లను తరలించారు. పంట పోయింది, నష్టం చాలా జరిగింది, కానీ దివిసీమ నాటిలా ప్రాణాలు పోలేదు. మధ్యలో ఎవరో కూర్చుని ఉపగ్రహాలు, రాడార్లు, తుఫాను షెల్టర్లు, దండోరా వేసే మనుషులు, ఇవన్నీ ఏర్పాటు చేశారు. వాళ్లూ భయపడ్డవాళ్లే. ఆ భయాన్ని పనిలో పెట్టారు. మీరు కూడా దస్తావేజుల నకళ్లు తీసి ఒక జత మీ అమ్మాయి దగ్గర ఉంచండి. బ్యాంకు లాకరులో అసలువి పెట్టండి. వీధిలో నడవలేని ముసలివాళ్లు ఎవరున్నారో రాసుకుని, వరద హెచ్చరిక వస్తే ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో మీ కుర్రవాళ్లతో మాట్లాడండి. ఉపాధ్యాయులు చెబితే వింటారు. సోమశిల లెక్క వానాకాలంలో రోజుకు ఒకసారి, పగటిపూట చూడండి. రాత్రి ఫోను పడక మీదికి వెళ్లకూడదు.

కోవూరు శ్రోత: అలాగే. కానీ ఇల్లు అమ్మేయమంటారా? వరద వస్తుందా లేదా అన్నది తేలితే...

డాక్టరు: తేలదు మాస్టారూ! అడిగిందే అడుగుతున్నారు. (కాసేపు ఆగి) కోప్పడ్డానని అనుకోకండి. మూడు గంటల నిద్రతో ఇల్లు అమ్మే నిర్ణయం తీసుకోకూడదు. ముందు దగ్గరలోని మానసిక వైద్యుణ్ణి కలవండి, నిద్ర కుదుటపడనివ్వండి, తర్వాత మీ ఆవిడతో కూర్చుని ఆలోచించండి. పుట్టినరోజు ఏ నెలలో?

కోవూరు శ్రోత: మార్చిలో అండీ.

డాక్టరు: మార్చిలో పెన్నకు వరద ఎక్కడిది? వెళ్లండి. ఆ పిల్లను ఎత్తుకోండి. కొత్త ఫొటోలు తీయించుకోండి.

కోవూరు శ్రోత: (గొంతు తడబడుతూ) వెళ్తానండీ.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాస్టారూ. చాలా కాల్స్ వేచి ఉన్నాయి. కనిగిరి నుంచి చెప్పండి.

కనిగిరి శ్రోత: అయ్యా, ఈ భూమి దిగులంతా కడుపు నిండినవాళ్లది. మా వైపు తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు. పళ్లు పచ్చబడ్డాయి, పెద్దవాళ్ల నడుములు వంగాయి. ఉన్నన్నాళ్లు తిని సంతోషంగా ఉండక...

డాక్టరు: మీ బాధ అర్థమైంది. అయితే మంచి నీళ్ల కోసం మీరు పడ్డ పోరాటం భూమి గురించిన దిగులు కాదా? వానలు తగ్గి బోరు ఇంకా లోతుకు వెళ్లే కొద్దీ ఫ్లోరైడ్ పెరిగే ప్రమాదం ఉంది. ఈ దిగులు అందరికంటే ముందు మీది. సంతోషంగా ఉండండి, తప్పకుండా ఉండండి. మంచి నీళ్లు అడగడం మాత్రం మానకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. ఒంగోలు నుంచి ఒక సోదరి.

ఒంగోలు శ్రోత: డాక్టరు గారూ, పెళ్లై రెండేళ్లైంది. ఇలాంటి లోకంలోకి బిడ్డను తేవడం న్యాయమేనా అనిపిస్తోంది. మా అత్తగారికి చెబితే పిచ్చి ఆలోచన అన్నారు.

డాక్టరు: పిచ్చి కాదు తల్లీ. 10 దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వాళ్లను 10,000 మందిని అడిగి 2021లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందులో మన దేశం కూడా ఉంది. వాతావరణ మార్పు గురించి చాలా ఆందోళనగా ఉందని 59 శాతం మంది చెప్పారు. మీరు ఒంటరి కాదు. బిడ్డ కావాలా వద్దా అన్నది మీరు, మీ ఆయన తేల్చుకోవలసిన మాట. అత్తగారు కాదు, నేనూ కాదు. ఒక్కటే అడుగుతాను. నిద్ర ఎలా ఉంది?

ఒంగోలు శ్రోత: బాగానే పడుతుందండీ.

డాక్టరు: మంచిది. అయితే మీది జబ్బు కాదు, ఆలోచన. భయం మీద కాకుండా, మీ ఇద్దరికీ ఎలాంటి జీవితం ఇష్టమో దాని మీద మాట్లాడుకోండి. తొందర లేదు.

వ్యాఖ్యాత: చివరి కాల్, సూళ్లూరుపేట నుంచి. క్లుప్తంగా చెప్పండమ్మా.

సూళ్లూరుపేట శ్రోత: నేను బడిలో పాఠాలు చెబుతానండీ. పిల్లల్ని నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లాను. గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలో తల దూర్చి చేపలు లాక్కుని తింటుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. నాకూ ఎంతో సంతోషం వేసింది. ఇంటికి రాగానే గుండె బరువెక్కింది. పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారాలు పూడిపోతుంటే నేను విహారయాత్రలు చేస్తున్నానా అని.

డాక్టరు: అమ్మా, మీరు చేసింది విహారం కాదు. ఆ పక్షి నోట్లో చేప చూసిన పిల్లవాడు చెరువు ఎండితే ఊరుకోడు. చూడనివాడికి చెరువు అంటే ప్లాట్లు వేయదగ్గ ఖాళీ జాగా. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి బలమని అక్కడి రైతులకు తెలుసు. అందుకే వాళ్లకు ఆ పక్షులు చుట్టాలు. వచ్చే ఏడాది కూడా పిల్లల్ని తీసుకెళ్లండి. ఆ రైతుల్లో ఒకరిని పిలిచి వాళ్లతో మాట్లాడించండి.

సూళ్లూరుపేట శ్రోత: ముఖద్వారాల గురించి కూడా చెప్పాలా అండీ? చిన్న పిల్లలు, భయపడతారేమో.

డాక్టరు: చెప్పండి. పక్షుల్ని చూపించిన తర్వాత చెప్పండి, ముందు కాదు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. లైను దొరకని వాళ్లు మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు గారూ, ధన్యవాదాలు.

డాక్టరు: ఒక్క మాట. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోతే వచ్చే వారం కార్యక్రమం దాకా ఆగకండి. ఇవాళే ఆ నంబరుకు చేయండి.