డిస్క్ ఇమేజ్‌కు చోటు నిజంగా దొరికిందా?

[తెరపై: టెర్మినల్. ట్రంకేట్ కమాండుతో 10 జీబీ ఫైలు తయారవుతుంది]

నమస్కారం. వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే మరో కంప్యూటర్) కోసం 10 జీబీ డిస్క్ ఇమేజ్, అంటే దానికి డిస్కుగా పనిచేసే ఫైలు, తయారుచేశాం. రెప్పపాటులో అయిపోయింది. లినక్స్‌లో ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కమాండును అడిగితే 10 జీబీ అంటుంది, వాడిన చోటు చూపే డీయూను అడిగితే సున్నా అంటుంది. రెండూ నిజమే. ఎల్‌ఎస్ చూపేది ఫైలు పొడవు, డీయూ చూపేది దానికి డిస్కులో కేటాయించిన బ్లాకులు, అంటే చోటు ముక్కలు. ఇలాంటిదాన్నే స్పార్స్ ఫైలు అంటారు. రాయని చోట చదివితే సున్నాలు వస్తాయి.

50 జీబీ డిస్కు మీద ఇలాంటివి పది పెట్టినా ఎవరూ అడ్డు చెప్పరు. అవి నిండుతూ పోయినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది. డిస్కులో చోటు అయిపోగానే, వర్చువల్ మెషీన్‌ను నడిపే క్యూఈఎంయూ ప్రోగ్రాము మామూలుగా ఆ మెషీన్‌ను ఉన్నచోటనే ఆపేస్తుంది.

[తెరపై: అదే పరిమాణం, ఈసారి ఫాలొకేట్‌తో]

చోటును ముందే పట్టిపెట్టడానికి ఫాలొకేట్ కమాండు ఉంది. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు (డిస్కులో ఫైళ్లను అమర్చే పద్ధతులు) రెండూ బ్లాకులను ఈ ఫైలు పేరిట రాసి, ‘ఇంకా రాయనివి’ అని గుర్తు పెట్టుకుంటాయి. సున్నాలు నింపే పని లేదు కాబట్టి ఇదీ క్షణాల్లో అయిపోతుంది.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మొదటిసారి రాసినది పట్టిపెట్టిన చోటుకే వెళ్తుంది. అదే చోట మళ్లీ రాస్తే మాత్రం, పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త బ్లాకులు తీసుకుంటుంది. పాత ఎక్స్‌టెంట్‌లో (వరుస బ్లాకుల గుంపులో) ఒక్క ముక్క వాడుకలో ఉన్నా మొత్తం ఎక్స్‌టెంట్ విడుదల కాదు. అంటే 10 జీబీ ఇమేజ్ అంతకు మించి మింగగలదు. ఇలా కొత్త చోట రాసే పద్ధతిని, అంటే కాపీ ఆన్ రైట్‌ను, ఫైలు ఖాళీగా ఉండగానే ఛాటర్ కమాండుతో ఆపేయవచ్చు. అప్పుడు డేటా చెడితే పట్టిచ్చే చెక్‌సమ్‌లు కూడా పోతాయి. నా మటుకు అది చిన్న నష్టం కాదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో ఫాలొకేట్ విజయవంతమైందని చెప్పినా నమ్మి కూర్చోకండి. ఇప్పుడు చోటు ఉందో లేదో చూస్తుందే తప్ప, దాన్ని మీ కోసం ఆపి ఉంచదు. ఫ్యాట్32లో స్పార్స్ ఫైళ్లే లేవు. ఒక్కో ఫైలు 4 జీబీకి చేరకూడదు కూడా, అందుకే మన ఇమేజ్ అక్కడ పట్టనే పట్టదు.

[తెరపై: డీడీ, సింక్, డీయూ, డీఎఫ్ వరుసగా]

చోటు నిజంగా దొరికిందో లేదో డీడీ కమాండుతో డేటా రాసి పరీక్షించేటప్పుడు సున్నాలు పనికిరావు. కంప్రెషన్ (డేటాను కుదించడం) ఆన్‌లో ఉంటే జెడ్‌ఎఫ్‌ఎస్ వాటిని దాదాపు ఏమీ లేనట్టే దాస్తుంది. యాదృచ్ఛిక డేటా ఇచ్చే యూర్యాండమ్ నుంచి తీసుకోండి. రాశాక సింక్ చేయండి (మెమరీలో ఉన్నది డిస్కుకు చేరేలా), లేకపోతే ఆలస్యంగా జరిగే కేటాయింపు వల్ల అంకెలు తప్పుదోవ పట్టిస్తాయి. డీయూతో పాటు డిస్కులో మిగిలిన చోటు చూపే డీఎఫ్‌నూ చూడండి. రీఫ్లింక్‌తో చేసిన రెండు కాపీలు ఒకే బ్లాకులను పంచుకుంటున్నా డీయూ రెండుసార్లు లెక్కపెడుతుంది.

స్పార్స్ ఇమేజ్ వాడేవారు ఇంకొకటి పరీక్షించాలి. వర్చువల్ మెషీన్ లోపల ఫైళ్లు చెరిపినంత మాత్రాన బయట ఇమేజ్ తగ్గదు. మెషీన్ డ్రైవ్‌కు డిస్కార్డ్ (ఖాళీ అయిన చోటును వదిలేయమనే అభ్యర్థన) అనుమతించి, లోపల దాన్ని పంపే ఎఫ్‌ఎస్‌ట్రిమ్ కమాండు నడిపి, బయట మళ్లీ డీయూ చూడండి. అంకె తగ్గకపోతే ఆ అభ్యర్థన దారిలో ఎక్కడో ఆగిపోయినట్టే. ముందు డ్రైవ్ సెట్టింగు చూడండి.