తకిట తకిట తకధిమి: శాన్ హువాన్ అంగట్లో సాల్సా

శ్రోతలకు నమస్కారం.

ముందు మీకొక చిన్న పని. చేతిలో ఉన్నది కాస్త పక్కన పెట్టండి. బండి నడుపుతున్నవాళ్లు వద్దు, మీరు ఊరికే వినండి చాలు. నేను ఈ బల్ల మీద వేలితో కొడుతున్నాను.

టక్ . . టక్ . . టక్ . . . టక్ . టక్ . . .

ఇంకోసారి.

టక్ . . టక్ . . టక్ . . . టక్ . టక్ . . .

ఐదు దెబ్బలు. ముందు మూడు, తర్వాత రెండు. వీటిని దాచుకోండి, మళ్లీ వద్దాం.

వెస్టిండీస్ అంటే మనకు క్రికెట్. 1983 ఫైనల్ రోజు మా నాన్నగారు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని అన్నం కూడా ముట్టలేదు. అందుకని కరీబియన్ అనగానే జమైకా, బార్బడోస్, ట్రినిడాడ్, ఇవే నోటికొస్తాయి. సాల్సా అనే జంట డాన్సు కోసం వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఈ జాబితా చెరిపెయ్యాలి. జమైకాలో దిగి సాల్సా ఎక్కడండీ అని అడగడం, గుంటూరులో దిగి భాంగ్రా ఎక్కడండీ అని అడిగినట్టే. ఎవరో ఒకరు నేర్పుతుండవచ్చు, కానీ ఊరి గాలిలో ఉండదు. జమైకాది రెగే. ట్రినిడాడ్‌ది కలిప్సో, సోకా. హైతీది కొంపా. సాల్సా స్పానిష్ మాట్లాడే దీవులది: క్యూబా, ప్యూర్టోరికో, ఆ తర్వాత డొమినికన్ రిపబ్లిక్. ఈ మూడోచోట మళ్లీ మెరెంగే, బచాటాలదే పెద్దపీట.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను, గడియారం నన్నే చూస్తోంది. క్యూబా తూర్పు ప్రాంతంలో పుట్టిన ‘సోన్’ అనే పాట దీనికి తల్లివేరు. న్యూయార్క్‌లో స్థిరపడిన ప్యూర్టోరికో వాళ్లు, క్యూబా వాళ్లు దానికి జాజ్ కలిపి కొత్త వంట వండారు. 1964లో అక్కడ మొదలైన ఫానియా అనే రికార్డుల కంపెనీ దాన్ని ప్రపంచమంతా అమ్మింది. సాల్సా అన్న మాటకు అర్థం సాస్. మన భాషలో పులుసనుకోండి, పోనీ.

నేను వెళ్లింది ప్యూర్టోరికో. మా అమ్మాయి అట్లాంటాలో ఉద్యోగం చేస్తోంది. అక్కణ్ణించి రాజధాని శాన్ హువాన్‌కు విమానంలో వెళ్లాం. 1898 నుంచి ఆ దీవి అమెరికా చేతిలోనే ఉంది కాబట్టి వేరే వీసా అక్కర్లేదు, చెల్లేది డాలరే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లి, మూణ్ణెల్లు కిటికీలోంచి ఎదురింటి గడ్డి చూస్తూ కూర్చునే అమ్మానాన్నలకు ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను.

మేం దిగిన హోటల్లో సాయంత్రం ఈతకొలను పక్కన సాల్సా క్లాసన్నారు. అరగంట. ఇరవైమందిని వరసలో నిలబెట్టి వన్ టూ త్రీ, ఫైవ్ సిక్స్ సెవెన్ అన్నారు. నాలుగు, ఎనిమిది లెక్కల్లో అడుగు పడదు, అక్కడ ఆగాలి. నేను చిన్నప్పుడు ఏలూరులో ఏడేళ్లు కూచిపూడి నేర్చుకున్నదాన్ని. నాకు లెక్క కొత్తా? అయినా రాలేదు. కాళ్లు అంకెల వెంట పరిగెత్తాయి, పాట మాత్రం దాని దారిన అది పోయింది. మా వారు కుర్చీలో కూర్చుని, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకున్నారు. ముప్పైరెండేళ్ల కాపురంలో ఆ పెదవి నాకు బాగా తెలుసు.

మర్నాడు హోటల్లో గదులు శుభ్రం చేసే ఆవిణ్ణి అడిగాను. ఇక్కడ డాన్సు ఎక్కడమ్మా, మీరెక్కడికి వెళ్తారు అని. ఒక్కటే మాట చెప్పింది: లా ప్లాసీత.

సాంతుర్సె అనే పేటలో ఉంది అది. పగలు వెళ్లాం. వెళ్తే ఏముంది, కూరగాయల అంగడి! అరటికాయలు, కర్రపెండలం, చేమదుంపల్లాంటి దుంపలు, బెంగుళూరు వంకాయలు. బయట కూడలిలో మనిషంత అవకాడో బొమ్మలు. నాకు మా రైతుబజారుకు వచ్చినట్టే అనిపించింది. మా వారు బెంగుళూరు వంకాయ ధర అడగబోతే ఆపాను. ఒక దుకాణం ముందు ముసలావిడ కూర్చుని ఉంది. నేను రెండు చేతులూ ఊపి, నడుం కాస్త కదిపి, ఎక్కడ అని సైగ చేశాను. ఆవిడ వేలితో నేలను చూపించింది. ఇక్కడే. తర్వాత ఆ వేలితోనే ఆకాశం చూపించి కళ్లు మూసింది. రాత్రికి రా.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు వెళ్లాం. అదే అంగడి, అదే కూడలి. దుకాణాల తలుపులు దించేసి ఉన్నాయి. చుట్టూ వీధుల్లో కార్లు లేవు, అంతా జనమే. వారం చివరి రాత్రులు అక్కడ అంతేనట. ఒక బారులోంచి ఒక పాట, ఎదురు బారులోంచి ఇంకో పాట. పంతొమ్మిదేళ్ల పిల్లలున్నారు, డెబ్బై దాటినవాళ్లున్నారు. టికెట్టు లేదు, వేదిక లేదు. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు.

సోషల్ డాన్స్ అంటే ఇది. మనకు డాన్సంటే ఒకరు ఆడతారు, వందమంది చూస్తారు. లేదా పెళ్లిలో, నిమజ్జనంలో అందరూ కలిసి ఎవరికివాళ్లు గెంతుతారు. ముక్కూమొహం తెలియని మనిషి చెయ్యి పట్టుకుని ఒక్క పాట ఆడి, గ్రాసియాస్, అంటే థాంక్స్, అని చెప్పి ఎవరి దారిన వాళ్లు వెళ్లడమనేది మన దగ్గర లేదు. నాకూ బెరుగ్గానే ఉండింది, దాచడమెందుకు. కానీ అక్కడి మర్యాద తెలిశాక బెరుకు పోయింది. ఒక్క పాట, అంతే. వద్దనుకుంటే నో, గ్రాసియాస్ అనాలి, అంతే. అవతలివాళ్లు నొచ్చుకోరు, కారణం అడగరు.

ఇస్త్రీ చొక్కా, టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి అరచెయ్యి చాపారు. మా వారి వైపు చూశాను. ఆయన నా చేతిసంచీ అందుకుని వెళ్లి అవకాడో బొమ్మ పక్కన నిలబడ్డారు. అదే అనుమతి.

మొదటి నిమిషంలో రెండుసార్లు ఆయన కాలు తొక్కాను. మూడోసారి తొక్కబోతుంటే ఆయన అడుగు వెయ్యడం మానేశారు. ఆగిపోయి, అలా నించునే, నా చేతి వెనక రెండు వేళ్లతో మెల్లగా కొట్టడం మొదలుపెట్టారు.

టక్ . . టక్ . . టక్ . . . టక్ . టక్ . . .

మళ్లీ. మళ్లీ. పాటలో ఎక్కడో లోపల, రెండు కర్రలు ఇదే దెబ్బ కొడుతున్నాయి. అంతసేపూ నాకది వినపడనే లేదు. ఆ కర్రలను క్లావేలు అంటారు, ఆ దెబ్బ పేరూ క్లావేనే. పాట మొదలైన దగ్గర్నించి చివరిదాకా బ్యాండంతా ఆ లెక్కకే కట్టుబడి ఉంటుంది. మా మాస్టారు చెక్క మీద తట్టుకర్రతో కొట్టినట్టు.

అంతే, నా నోట్లోంచి ఏలూరు బయటికొచ్చింది.

తకిట. తకిట. తకధిమి. తక. తకధిమి.

మీరూ అనండి. ప్రతి మాట మొదటి అక్షరం మీద ఒక చప్పట్టు కొట్టండి. తకిట, తకిట, తకధిమి, తక, తకధిమి. మూడు, మూడు, నాలుగు, రెండు, నాలుగు. కలిపితే పదహారు. ఆదితాళం ఒక ఆవర్తంలో, అక్షరానికి రెండేసి చొప్పున సరిగ్గా సరిపోయింది. మొదట నేను దాచుకోమన్న ఐదు దెబ్బలు ఇవే. వాళ్లది మన దగ్గర్నించి వెళ్లిందని చెప్పడం లేదు నేను, అలాంటి గొప్పలు నాకు నచ్చవు. అది ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో వచ్చిన లయ. పదహారును ఐదు ముక్కలు చేసి పలకడానికి మన జతులు నాకు పనికొచ్చాయి, అంతే.

పెద్దాయన నా నోటివైపు చూశారు. నవ్వి, తనూ అన్నారు: తాకితా, తాకితా. వాళ్ల తకారం మన తకారమే, ఇంగ్లీషు వాళ్ల టకారం కాదు. ఆ తర్వాత కాళ్లు తొక్కలేదని చెప్పను. తక్కువ తొక్కాను.

కూచిపూడి వచ్చినవాళ్లకు సాల్సాలో అసలు కష్టం ఇంకోటి ఉంది. మనం ముందే తెలిసిన అడుగు వేస్తాం. ఇక్కడ వచ్చే అడుగేమిటో ఎదుటివాళ్ల చెయ్యి చెప్పేదాకా తెలియదు. తెలిసినట్టు ముందే తిరిగానా, దెబ్బతిన్నట్టే. ఆ దీవిలోనే బొంబ అనే ఇంకో పాత నృత్యం ఉంది. అందులో ఆడేవాళ్లు డోలు వెంట వెళ్లరు. ఆడేవాళ్ల అడుగు చూసి, పావడా విసురు చూసి డోలు పలుకుతుంది. మా మాస్టారు వింటే మృదంగం ఆయన్ను ఏమని ఊరడించేవారో!

ఇప్పుడు అసలు సంగతి. మనం క్లాసు ముందు, డాన్సు తర్వాత అనుకుంటాం కదా. తిరగెయ్యండి. మొదటి రాత్రి క్లాసు వెతక్కండి. జనం ఆడే చోటికి వెళ్లి గంటసేపు ఊరికే నిలబడండి, ఆ ఐదు దెబ్బలు చెవికి దొరికేదాకా. తర్వాత ఆ గుంపులో హడావిడి లేకుండా ఆడుతున్నవాళ్లను చూసుకుని, పాట అయ్యాక అడగండి: దోందె అప్రెందియో? మీరెక్కడ నేర్చుకున్నారు? స్పానిష్‌లో కూడా నువ్వు, మీరు ఉన్నాయి. ఇది మీరు. నేనలా ఒకావిణ్ణి అడిగితే, ఆవిడే పొద్దుటిపూట పాఠాలు చెబుతుందని తేలింది. ఆవిడ దగ్గర మూడు పొద్దులు, గంటేసి, ఒక్కదాన్నే నేర్చుకున్నాను. ఆ పాఠంలో నేర్చినది ఆ రాత్రే వీధిలో పెట్టి చూసుకున్నాను. అరగంట గుంపు పాఠాలు పది కంటే ఆ మూడు నయం.

క్యూబా వెళ్లేవాళ్లకూ ఇదే దారి. అక్కడ హోటల్ బదులు ఇళ్లల్లో దిగండి. లైసెన్సుతో గదులు అద్దెకిచ్చే ఇళ్లను కాసా పర్తికులార్ అంటారు, గుమ్మం మీద లంగరులాంటి గుర్తు ఉంటుంది. ఆ ఇంటావిణ్ణే అడగండి. పాత సోన్ వినాలంటే శాంతియాగో ఊళ్లో హెరెదియా వీధిలోని కాసా దె లా త్రోవ. క్యూబా వాళ్లు సాల్సా అనరు, కాసీనో అంటారు. 1950ల్లో హవానాలోని ఒక క్లబ్బు పేరు మీదుగా వచ్చింది. జంటలన్నీ గుండ్రంగా నిలబడితే మధ్యలో ఒకరు కేక వేస్తారు, ‘దామె’ అనగానే అందరూ జోడీ మారతారు. కోలాటంలో ఈల వినగానే కోపు మారినట్టు. హైదరాబాదులో న్యూయార్క్ తీరు సాల్సా నేర్చుకుని వెళ్లినవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: అది గీత గీసినట్టు ముందుకూ వెనక్కూ పోతుంది, క్యూబా తీరు చుట్టూ తిరుగుతుంది. తెలిసిందని అక్కడ గట్టిగా లాగకండి.

మన రేడియో వాళ్లకు ఈర్ష్య పుట్టించే మాట ఒకటి. శాన్ హువాన్‌లో 1984 నుంచి జాతీయ సాల్సా దినం జరుగుతోంది, మార్చి నెలలో, బేస్‌బాల్ స్టేడియంలో. దాన్ని మొదలుపెట్టింది, నడిపేది జెడ్-93 అనే ఒక రేడియో స్టేషన్!

అద్దం అవతలినుంచి ఒక్క నిమిషమని వేలు చూపిస్తున్నారు. అయితే చెప్పులు. వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. అడుగున మందపాటి రబ్బరుంటే కాలు తిరగదు, మోకాలు మాత్రమే తిరుగుతుంది, నాకు రెండు రోజులు నొప్పి పెట్టింది. జేబురుమాళ్లు రెండు పెట్టుకోండి, ఒకటి చాలదు. చేతిసంచీ పట్టుకోవడానికి ఒక మనిషిని తీసుకెళ్లండి. మా వారు నాలుగో రాత్రికి ఆ సంచీ భుజానికి తగిలించుకునే, అవకాడో మీద వేళ్లతో కొట్టడం మొదలుపెట్టారు. తకిట, తకిట, తకధిమి వరకు బాగానే వచ్చింది. ఆ తర్వాతి ‘తక’ ఆయన ఇప్పటికీ తొందరగానే వేస్తారు.