నైట్ డ్యూటీ లెక్క: ఒక స్టాఫ్ నర్సుతోటి ముచ్చట

హోస్ట్: నమస్తే. ఇయ్యాల మనతోటి హన్మకొండ నుంచి ఒక స్టాఫ్ నర్సు అక్క మాట్లాడుతరు. ముందు ప్రైవేటు నర్సింగ్ హోంల చేసిన్రు, ఇప్పుడు సర్కారు దవాఖానల చేస్తున్నరు. పేరు చెప్పొద్దన్నరు. అక్కా, నర్సుల కష్టం అంటే అందరు జీతం ముచ్చటే తీస్తరు. మీరేమంటరు?

సిస్టర్: జీతం సంగతి చెప్త గని, ముందుగాల మనుషుల లెక్క చెప్పనియ్యి తమ్ముడూ. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కల, టీచింగ్ హాస్పిటల్, అంటే మెడికల్ కాలేజీ దవాఖాన, జనరల్ వార్డుల ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు ఉండాలె. మామూలు దవాఖానల ఐదుగురికి ఒకరు, ఐసీయూల మంచానికొకరు. వానకాలం ములుగు, ఏటూరునాగారం దిక్కు నుంచి జ్వరాలు మొదలైతే, నైట్ల నేనొక్కదాన్నే 40 మందిని చూసిన రాత్రులున్నయ్.

హోస్ట్: 40 మందికి ఒక్కరా! ఎట్ల నడుస్తదక్కా?

సిస్టర్: పొద్దుగాల ఆరింటి ఇంజక్షన్లే తీస్కో. యాంటీబయాటిక్ పొడి వయల్ల ఉంటది. వాటర్ కలిపి పొడి మొత్తం కరిగించాలె. సిరంజిలకు గుంజాలె, కేస్ షీట్ల పేరు చూడాలె, క్యాన్యులా, అంటే చేతి నరంల పెట్టిన సన్న గొట్టం కాడ వాపున్నదా చూడాలె. గప్పుడు మెల్లగ ఎక్కియ్యాలె. మనిషికి మూడు నిమిషాలేసుకున్నా ఎక్కించుడుకే రెండు గంటలు. నడుమ ఒకలకు సెలైన్ అయిపోతది, ఒకలకు ఆయాసం. ఎనిమిదింటికల్ల హ్యాండోవర్ ఇయ్యాలె. ఆ ఉరుకుల పరుగులల్లనే వేలికి సూది గుచ్చుకుంటది. గుచ్చుకుంటే సబ్బు పెట్టి కడుగుకొని వెంటనే చెప్పాలె. హెచ్ఐవీ రాకుండ ఇచ్చే మందు 72 గంటలు దాటకముందే మొదలుపెట్టాలె, ఎంత తొందరగైతే అంత మంచిది. డ్యూటీలు అయినంక చూద్దాంతియ్ అనే పిల్లలను చూస్తే నాకు భయమైతది.

హోస్ట్: ఖాళీ పోస్టులు నింపితే సరిపోతది గదా?

సిస్టర్: నింపాలె. గని ఎన్ని పోస్టులు కావాలెనో సక్కగ లెక్కగట్టాలె. వారానికి 168 గంటలు. ఒక నర్సు 48 గంటలు చేస్తదనుకో. వార్డుల ఒక్క మనిషి రాత్రింబగళ్లు ఉండాలంటే మూడున్నర మంది కావాలె. సెలవులు ఇంక కలపనే లేదు. గందుకే కౌన్సిల్ 30 శాతం లీవ్ రిజర్వ్, అంటే సెలవుల మీద పోయినోళ్ల జాగల చేసేటందుకు ఎక్కువ మందిని, పెట్టుమన్నది. అది లేని కాడ ఒకామె ప్రసూతికి పోతే, ఆర్నెల్లు ఆమె నైట్లన్నీ మిగిలినోళ్ల మీద పడ్తయ్. తోటి ఆడోళ్లే ఆమె మీద గుర్రుమంటరు. బిడ్డను కన్నందుకు ఆమె తప్పు చేసినట్టు! నాకు అన్నిటికంటె ఎక్కువ బాధ గదే. రిజర్వ్ పెట్టనోళ్లను ఎవరూ అడుగరు.

హోస్ట్: జీతం?

సిస్టర్: ఒక్క వార్డుల రెగ్యులర్, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ ముగ్గురుంటరు. ముగ్గురూ ఎక్కించేది అదే ఇంజక్షన్, జీతాలు మాత్రం మూడు తీర్లు. ప్రైవేటుల ఇంక అన్యాయం. 2016ల సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం కమిటీ వేసింది. 50 మంచాల లోపు దవాఖానల కూడ నెలకు 20 వేలు తక్కువ కాకుండ ఇయ్యాలె, 200 దాటితే సర్కారు నర్సులతోటి సమానంగ ఇయ్యాలె అన్నది ఆ కమిటీ. అమలు చేసుడు రాష్ట్రాల పని. నేను చేసిన నర్సింగ్ హోంల ఆ ముచ్చట ఎత్తినోళ్లే లేరు.

హోస్ట్: పేషెంట్ల తరఫోళ్లు మీద పడే సంగతి...

సిస్టర్: 2008 చట్టం ఉన్నది, దవాఖానల కొడితే మూడేండ్ల దాక జైలు. గని తిట్లకు కేసు ఎవరు పెడ్తరు? మందు స్టాకు లేకపోతే మొదట తిట్లు పడేది సిస్టర్‌కే.

హోస్ట్: అయినా ఈ పనిలనే ఉన్నరు గదక్కా.

సిస్టర్: ఒక డెంగీ పిలగాడు. జ్వరం దిగిందని వాళ్ల నాయిన సంబురపడుతుండు. నేను చెయ్యి పట్టుకుంటే సల్లగున్నది. బీపీ చూస్తే 100/80. మీది అంకెకు కింది అంకెకు నడుమ 20 మిగిలిందంటే షాక్‌లకు పోతున్నట్టు. జ్వరం దిగినప్పుడే ఈ ప్రమాదం. డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ చేసిన, ఆమె మారుమాట అనకుండ వచ్చి ఫ్లూయిడ్స్ పెంచింది. పిలగాడు బతికిండు. నా మాట విన్నరు సూడు, గది నాకు పెద్దది. గని ఆ చెయ్యి పట్టుకునే తీరిక ఆ రాత్రి నాకు దొరికింది, వార్డుల ఇద్దరం ఉన్నం కాబట్టి.

ఇంకొకటి. మా హెడ్ నర్సు నెల రోస్టర్ ముందే గోడకు అంటిస్తది. ఎవరికి ఎన్ని నైట్లో అందరికి కనవడుతది, పక్షపాతం లేదు. ఇంట్ల పెండ్లున్నా పిల్లల పరీక్షలున్నా ముందుగాల అడుక్కోవచ్చు. దానికి సర్కారు పైసా ఖర్చు లేదు.

హోస్ట్: ఈ ఏడు జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ అయిపోయిన పిల్లలు వింటున్నరు.

సిస్టర్: ఇంటర్వ్యూల జీతమొక్కటే అడగకుర్రి. నైట్ల వార్డుకు ఎంతమంది సిస్టర్లు ఉంటరో అడుగుర్రి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు జాయిన్ కాకముందే మొదలుపెట్టుర్రి. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల కాడ పెట్టుమంటే జిరాక్సులే ఇయ్యిర్రి. నర్సింగ్ హోమోళ్లు నావి ఏడాది పొడుగూత ఇయ్యలేదు, ఆ ఏడాది సర్కారు నౌకరీ నోటిఫికేషన్ చేజారింది.