తాబేలు డిప్ప మీద పదమూడు నెలలు

[దృశ్యం: మంచు కప్పేసిన సరస్సు, పైన మధ్యాహ్నపు సూర్యుడు]

వాయిస్: ఎండాకాలం ఎందుకొస్తుందని పిల్లల్ని అడిగి చూడండి. "సూర్యుడు దగ్గరికొస్తాడు కాబట్టి" అంటారు చాలామంది. కానీ భూమి సూర్యుడికి బాగా దగ్గరయ్యేది జనవరి మొదట్లో. అప్పుడు కెనడాలో గడ్డకట్టే చలి!

అసలు కారణం భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరగడం. ఆ అంకె ఐదేళ్ల పిల్లలకు అనవసరం. చేసి చూపిస్తే చాలు.

[క్లోజప్: చీకటి గది, తెల్ల కాగితం, టార్చ్]

వాయిస్: టార్చ్‌ని పైనుంచి నిటారుగా వేయండి. గుండ్రంగా, కళ్లు చెదిరేలా వెలుగు పడుతుంది. ఇప్పుడు ఏటవాలుగా వేయండి. వెలుగు సాగిపోయి పల్చబడుతుంది. రెండింటి చుట్టూ పిల్లల చేతనే పెన్సిల్‌తో గీత గీయించండి. మనమున్న వైపు సూర్యుడికి ఎడంగా ఒరిగే చలికాలంలో ఎండ పడేది ఇలా ఏటవాలుగానే. పైగా పగలు కూడా తక్కువ.

[క్లోజప్: తాబేలు డిప్ప]

వాయిస్: ఉత్తర అమెరికాలో గ్రేట్ లేక్స్ చుట్టూ ఉండే మూలవాసులు అనిషినాబేలు. ఏడాదిని వాళ్లు తాబేలు డిప్ప మీద లెక్కపెడతారు. నడుమ ఐదు పెద్ద పలకలు, అటు నాలుగు, ఇటు నాలుగు. మొత్తం 13 చంద్రమాసాలు. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సుమారు 29న్నర రోజులు. పన్నెండు మాసాలు కలిపినా 354 రోజులే, ఇంకా 11 రోజులు మిగులుతాయి. ఆ రోజులు పోగై కొన్నేళ్లకోసారి ఏడాదిలో పదమూడో పౌర్ణమి వస్తుంది. పదమూడో నెల ఊరికే రాలేదు.

నెలల పేర్లు కూడా ఆ నేలమీద జరిగేదాన్ని బట్టి పెట్టినవే. జూన్ వస్తే స్ట్రాబెర్రీ నెల. మంచు కరిగే రోజుల్లో మేపుల్ చెట్టు తీపి రసాన్ని పాకంగా మరిగించే నెల.

[దృశ్యం: మేపుల్ చెట్టు, మానుకు చిన్న గొట్టం, చుక్కలుగా కారుతున్న రసం]

వాయిస్: ఇక్కడ కాసేపు ఆగుదాం. రాత్రి నీళ్లు గడ్డకట్టాలి, పగలు మంచు కరగాలి. అప్పుడే చెట్టు లోపల ఒత్తిడి పెరిగి రసం బయటికొస్తుంది. ఒక లీటరు పాకం కావాలంటే దాదాపు 40 లీటర్ల రసం మరిగించాలి. థర్మామీటర్ చేతికిచ్చి, రాత్రీ పగలూ ఎంత చలి ఉందో పిల్లల చేతనే రాయించండి. రసం ఏ రోజు కారుతుందో వాళ్లే చెప్పేస్తారు.

[దృశ్యం: ఒక పెద్దావిడ చుట్టూ కూర్చున్న పిల్లలు, కిటికీ బయట మంచు]

వాయిస్: టీచర్లకు ఒక్క మనవి. అనిషినాబేల పవిత్ర కథల్లో చాలావాటిని నేలమీద మంచు ఉన్నప్పుడే చెబుతారు. సిలబస్‌లో ఉంది కదా అని మే నెలలో చెప్పేయకండి. ఏ కథ ఎప్పుడు చెప్పొచ్చో ఆ సమాజపు పెద్దల్నే అడగండి, వీలైతే వాళ్లనే క్లాసుకు పిలవండి. మూలవాసులంటే ఇంతే అన్నట్టు కాగితంతో ఈకల కిరీటాలు కత్తిరించే క్రాఫ్ట్ పీరియడ్ మాత్రం వద్దు. వీళ్లు ఇవాళ కూడా మన మధ్య బతుకుతున్న మనుషులు, పిల్లలకు అలాగే పరిచయం కావాలి.

[దృశ్యం: గోడకు అంటించిన తాబేలు బొమ్మ, పదమూడు ఖాళీ గళ్లు]

వాయిస్: వచ్చే పౌర్ణమికి మొదటి గడి నింపించండి. బడి ఆవరణలో ఆ వారం కొత్తగా ఏం కనిపిస్తే అదే బొమ్మ వేయమనండి.