శాంటా క్రూజ్ సర్ఫింగ్ మ్యూజియం రివ్యూ: నన్ను ఆపేసిన పాత చెక్క బోర్డులు

నమస్తే అండి. చెన్నై పక్కన ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీదున్న కోవళం బీచ్ నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్న ఈ లీష్‌ని ఇక్కడి ఒక షాపు వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా ఇచ్చారు, ముందే చెప్పేస్తున్నాను. మ్యూజియం వాళ్లు నాకేమీ ఇవ్వలేదు.

లీష్ అంటే సర్ఫింగ్ బోర్డుని చీలమండకి కట్టుకునే తాడు. పొడవు, మందం డబ్బా మీదే ఉన్నాయి, వదిలేద్దాం. దీన్ని పట్టుకోగానే నాకు పోయినసారి అక్క వాళ్లింటికి కాలిఫోర్నియా వెళ్లినప్పుడు చూసిన ఆ మ్యూజియమే గుర్తొచ్చింది. సముద్రం ఒడ్డున చిన్న ఇటుకల లైట్‌హౌస్, అందులోనే మ్యూజియం. 1965లో నీళ్లలో మునిగి చనిపోయిన కొడుకు గుర్తుగా తల్లిదండ్రులు ఆ లైట్‌హౌస్ కట్టించారు. 1986లో మ్యూజియం తెరిచారు. బయటికొస్తే కిందే సర్ఫింగ్‌కి పేరున్న చోటు స్టీమర్ లేన్, అక్కడి అలలు, వాటి మీద సర్ఫర్లు.

1885లో ముగ్గురు హవాయి రాకుమారులు ఆ ఊళ్లో రెడ్‌వుడ్ పలకల మీద అలలెక్కిన కథ మీరు వినే ఉంటారు. నేను మాత్రం పాత చెక్క బోర్డుల దగ్గరే ఆగిపోయాను. తోక వైపు వంగి చూశాను. తాడు కట్టడానికి ఒక్క కన్నం కూడా లేదు! పడితే అంత బరువు బోర్డూ రాళ్ల మీదికి కొట్టుకుపోవాల్సిందే, వెనకాల ఈదుకుంటూ వెళ్లాల్సిందే.

ఆ ఈత నాకు తెలుసు. రెండేళ్ల క్రితం ఇక్కడే, అద్దెకి తీసుకున్న బోర్డు లీష్ వెల్క్రో ఊడిపోయింది. ఎంత ఈదినా బోర్డు అందలేదు. చేతులు పడిపోయాయి. చివరికి చేపల పడవలో వస్తున్న ఒకాయన బోర్డు పట్టుకుని, "తంబీ, ఎక్కు" అని నన్నూ లాగారు. ఆయన తాతల కాలంలో ఇదే అలల్ని కట్టుమరాల మీద దాటేవాళ్లట. కట్టిన దుంగలు, మన తెప్పలాంటివే.

తాడొచ్చాకా ప్రమాదం పోలేదు. తొలి లీష్‌లు సాగే సర్జికల్ ట్యూబుతో చేశారు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు బోర్డు వెనక్కి దూసుకొచ్చేది. వెట్‌సూట్లతో, అంటే చల్లటి నీళ్లలో వేసుకునే రబ్బరు సూట్లతో, పేరు తెచ్చుకున్న జాక్ ఓనీల్ 1971లో అలాగే ఎడమ కన్ను పోగొట్టుకున్నారు. ఆ ట్యూబు లీష్ తయారుచేసింది ఆయన కొడుకే. అందుకే కొత్త లీష్ ఏది వచ్చినా ముందు లాగి చూస్తాను. ఇది కొంచెమే సాగుతోంది, నాకు నచ్చింది.

మ్యూజియంలో ఒక్కటే ఇబ్బంది. గది మరీ ఇరుకు, పదిమంది వస్తే వెనక్కి జరిగి బోర్డు మొత్తం చూడలేం. అయినా మళ్లీ వెళ్తాను. లీష్ సంగతంటారా, ఉప్పునీళ్లలో ఈ వెల్క్రో ఎన్నాళ్లు పట్టి ఉంటుందో నెల వాడాక చెబుతాను.