గిన్నె కింద పెట్టే ముందు

అందరికీ నమస్కారం.

కుక్కను పెంచే ఇళ్లలో పూటపూటా జరిగే గొడవతో మొదలుపెడతాను. వంటింట్లో స్టీలు గిన్నె చప్పుడైతే చాలు, ఎక్కడున్నా పరుగున వచ్చేస్తుంది. కాళ్లకు అడ్డం పడుతుంది, మీదికి ఎగబాకుతుంది, మొరుగుతుంది. సగం అన్నం నేలపాలు. ఎలాగోలా గిన్నె దాని ముందు పడేసి బయటపడతాం. మనం పాఠం చెప్తున్నది సరిగ్గా అక్కడే. ఎగిరితే, మొరిగితే గిన్నె దిగుతుందని దానికి అర్థమైంది. పూటకు ఒక్కసారి చొప్పున లెక్కేసినా ఏడాదికి 730 సార్లు ఇదే పాఠం. మరే విషయాన్నీ మనం దానికి ఇంత పట్టుదలగా నేర్పం.

గిన్నె చప్పుడుకే నోరూరడం కుక్క తప్పు కాదు. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్న ఇవాన్ పావ్లోవ్ చూపించింది ఇదే: తిండికి ముందు ఏది వినిపిస్తే, ఏది కనిపిస్తే, దానికే కుక్క ఒళ్లు సిద్ధమైపోతుంది. ఆ ఆత్రాన్ని తీసేయలేం. ఆత్రంలో ఉన్నప్పుడు ఏం చేయాలో మాత్రం నేర్పగలం.

దానికి ముందు వేళలు కుదరాలి. మూడు నెలల లోపు పిల్లకు రోజుకు నాలుగుసార్లు, ఆరు నెలల దాకా మూడుసార్లు, ఆ తర్వాత రెండుసార్లు పెడితే సరిపోతుంది. గిన్నె రోజంతా నేలమీదే ఉంటే నేర్పడానికి సందర్భమే దొరకదు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్క 15, 20 నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేసి, మళ్లీ వేళకే పెట్టండి. పిల్లల విషయంలో ఈ పట్టు వద్దు, అవి పస్తు ఉండలేవు. పెద్దదైనా రోజంతా ముట్టకపోతే అది మర్యాద సమస్య కాదు, వైద్యుడికి చూపించాల్సిన సంగతి.

ఇప్పుడు అసలు పాఠం. మొదటి వారం పెరుగన్నం లాంటివి కాకుండా ఒలకని తిండి తీసుకోండి. గిన్నె చాలాసార్లు కిందికీ పైకీ వెళ్తుంది కాబట్టి డ్రై ఫుడ్ అయితే సులువు. పూట తిండిని నాలుగు భాగాలు చేయండి. ఒక్క పూటలో నాలుగు పాఠాలు అవుతాయి.

గిన్నె ఛాతీ ఎత్తున పట్టుకుని నిటారుగా నిలబడండి. మాట వద్దు. కుక్క ఎగురుతుంది, చుట్టూ తిరుగుతుంది, మొరుగుతుంది. మీరు కదలొద్దు. పైకి చూసి చూసి చివరికి దాని వెనకభాగం నేలకు ఆనుతుంది. ఆ క్షణాన గిన్నెను జానెడు కిందికి దించండి. లేచిందా, గిన్నె మళ్లీ ఛాతీ దగ్గరికే వెళ్తుంది. కోపం వద్దు, కసురు వద్దు. కూర్చుంటే గిన్నె దిగుతుంది, లేస్తే ఎక్కుతుంది. ఈ లెక్క కుక్కకు మన మాటలకన్నా త్వరగా అర్థమవుతుంది. మొదటి పూట గిన్నె నేలను తాకడానికి పది పన్నెండు ప్రయత్నాలు పట్టొచ్చు. నాలుగైదు రోజుల్లో రెండు మూడుకు తగ్గడం మామూలే.

గిన్నె నేలను తాకగానే, అది ఇంకా కూర్చుని ఉండగానే “తిను” అనండి. మొదటి రోజు ఒక్క క్షణం కూడా ఆపకండి. మర్నాడు ఒక సెకను, ఆ తర్వాత రెండు, అలా ఐదు దాకా. ఐదు పది సెకన్లు దాటించాల్సిన అవసరం ఇంట్లో ఎవరికీ లేదు. చొంగ కారుతూ ఉంటే నిమిషాల తరబడి ఆపి వీడియోలు తీయడం చూస్తుంటాం. దానివల్ల కుక్కకు గిన్నె దగ్గర దిగులు పెరుగుతుంది తప్ప మర్యాద పెరగదు.

ఎక్కువగా చెడేది మూడు చోట్ల. మొదటిది, “ఆగు, ఆగు, ఆగు” అంటూ మాట ఆపకపోవడం. ఆ హడావిడి కుక్కను ఇంకా రెచ్చగొడుతుంది. రెండోది, ఒకరు “తిను” అంటే మరొకరు “కానీ” అనడం, ఇంకొకరు చిటిక వేయడం. అనుమతి మాట ఇంటిల్లిపాదికీ ఒక్కటే ఉండాలి. మూడోది చాలా ముఖ్యం. “తిను” అనకముందే అది మూతి పెట్టేసిందనుకోండి, ఆ గిన్నెను నోటిదగ్గర నుంచి లాక్కోవద్దు. తిననివ్వండి. తప్పు మీరు తొందరగా దించడంలో ఉంది. తర్వాతి భాగానికి ఒక మెట్టు వెనక్కి రండి.

ఎందుకు లాక్కోకూడదో కాస్త నిదానంగా చెప్పాలి. “తినేటప్పుడు గిన్నెలో చెయ్యి పెట్టు, మధ్యలో తీసెయ్యి, అప్పుడే నిన్ను యజమానిగా గుర్తిస్తుంది” అనే సలహా ఇప్పటికీ వినిపిస్తోంది. ఇది ప్రమాదకరమైన సలహా. మనిషి దగ్గరికొస్తే తిండి పోతుందని కుక్క నేర్చుకుంటే, మనిషిని దూరంగా ఉంచడం కూడా నేర్చుకుంటుంది. వీధిలో తోబుట్టువులతో పోటీపడి పెరిగిన పిల్లను తెచ్చుకున్న ఇళ్లలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

హెచ్చరికలు కరవడానికి చాలా ముందే మొదలవుతాయి. మీరు దగ్గరికెళ్తే నమలడం ఆపి బిగుసుకుపోతుంది, లేదా గబగబా మింగేస్తుంది. తల గిన్నెలోనే ఉంచి ఓరగా చూస్తుంది. కంటి తెలుపు నెలవంకలా కనిపిస్తుంది. ఆ తర్వాతే పెదవి లేవడం, గుర్రుమనడం. గుర్రుమన్నందుకు కొట్టకండి. కొడితే గుర్రుమనడం మానేస్తుంది, భయం మాత్రం అలాగే ఉంటుంది. రేపు చెప్పకుండానే కరుస్తుంది.

దీన్ని దారిలో పెట్టే పద్ధతి ఇది. ఉప్పు, ఉల్లి, ఎముక లేకుండా ఉడికించిన కోడిమాంసాన్ని చింతగింజంత ముక్కలు చేసి పెట్టుకోండి. కుక్క తింటుండగా, అది బిగుసుకోనంత దూరం నుంచి, మాటకు ఆరడుగుల నుంచి, నడుస్తూ ఒక ముక్క గిన్నెవైపు విసిరి వెళ్లిపోండి. ఆగొద్దు, తడమొద్దు. పూటకు నాలుగైదుసార్లు చాలు. మిమ్మల్ని చూడగానే తల ఎత్తి తోక ఊపుతూ ముక్క కోసం చూస్తోందంటే, అప్పుడు అరడుగు దగ్గరికి జరగండి. వారాలు పట్టినా పట్టనివ్వండి. పిల్లలతో ఈ పని చేయించకండి. అసలు కుక్క తినే చోటికి పిల్లలు వెళ్లకుండా చూసుకోవాలి. అంతకుముందు లేని కోపం కొత్తగా వస్తే పళ్లనొప్పో, కడుపునొప్పో ఉందేమో ముందు వైద్యుడికి చూపించండి. కరిస్తే గాయాన్ని ధారగా పడే నీళ్లలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకాకు వెళ్లాలి. మన ఇంటి కుక్కే కదా అని వదిలేయొద్దు.

రెండు కుక్కలుంటే రెండు గిన్నెలు, వీలైతే రెండు గదులు. రెండూ తినడం ముగించి గిన్నెలు తీశాకే తలుపు తెరవండి. అంతే.

ఇక మన భోజనాల వేళ. బల్ల కింద చేరి మోకాలిమీద మూతి పెట్టే కుక్కను తయారుచేసేది సాధారణంగా ఇంట్లో అందరికన్నా ప్రేమగా ఉండే మనిషే. తాతయ్యో అమ్మమ్మో పది రోజులకొకసారి ఒక ముద్ద పెట్టినా అడుక్కోవడం పోదు. ఎప్పుడో ఒకప్పుడు దొరికేదే ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. అందరూ ఒక్కసారిగా మానేస్తే మొదటి కొన్ని రోజులు గోల పెరుగుతుంది. అది తగ్గబోయే ముందు వచ్చే గోల. అక్కడ లొంగితే అంత గోల చేస్తేనే ముద్ద దొరుకుతుందని నేర్పినట్టు. పెద్దవాళ్లను పెట్టొద్దని కట్టడి చేయడంకన్నా వాళ్ల చేతికే పని అప్పగించడం మేలు. గది మూల ఒక చాప వేసి, కుక్క దానిమీద పడుకున్నప్పుడు వాళ్లే వెళ్లి, దానికి సరిపడే ముక్క ఆ చాపమీదే పెట్టాలి. మొదట అర నిమిషానికొకటి, తర్వాత రెండు నిమిషాలకొకటి. ఈ ముక్కలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటకూడదు. మన విస్తట్లోవి మాత్రం వద్దు. సాంబారు, కూర, బిర్యానీల్లో ఉండే ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలోని కిస్మిస్ మూత్రపిండాలకు ప్రమాదం. ఉడికిన ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది.

గబగబా మింగే కుక్కలకు గిన్నె బదులు వెడల్పాటి పళ్లెంలో తిండి పలచగా పరిచి పెట్టండి. గ్రేట్ డేన్, జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు ఇది మరీ అవసరం. తిన్నాక గంటసేపు పరుగులు పెట్టించకండి. పొట్ట ఉబ్బి బిగిసి, కక్కబోయి ఏమీ రాక, నిలకడ లేకుండా తిరుగుతుంటే కడుపు మెలిపడిందేమోనని అనుమానించాలి. అర్ధరాత్రయినా వెంటనే బయల్దేరండి, తెల్లారేదాకా ఆగొద్దు.