కొత్త చేపకు నాలుగు వారాలు వేరే తొట్టి

అందరికీ నమస్కారం.

మూడేళ్ల క్రితం ఒక శనివారం సాయంత్రం ఆరు నియాన్ టెట్రాలు కొనుక్కొచ్చాను. కవరును కాసేపు నీళ్లమీద తేలనిచ్చి, చేపల్ని నేరుగా పెద్ద ట్యాంకులో వదిలేశాను. చలాకీగా ఈదాయి, మేత తిన్నాయి. ఐదో రోజు పొద్దున మా పాత పెర్ల్ గౌరామి తోక మీద బొంబాయి రవ్వ పలుకంత తెల్ల చుక్క కనిపించింది. సాయంత్రానికి అది రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోంది. రెండు వారాల్లో పదకొండు చేపలు పోయాయి. ఆ గౌరామిని నాలుగేళ్లు పెంచాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

ఆ చుక్కల జబ్బునే మనం ఇక్ అంటాం. దాని వెనక ఉన్నది మొదట్లో కంటికి కనపడని పరాన్నజీవి. అది చేప చర్మం కింద దూరి, అక్కడే తిని పెరుగుతుంది. మనకు కనిపించే చుక్క అదే. పెరిగాక చేపను వదిలి కిందకి దిగి, గులకరాళ్లకో, మొక్కలకో, అద్దానికో అతుక్కుంటుంది. పైన గూడు కట్టుకుని లోపల వందల పిల్లలుగా విడిపోతుంది. బయటికొచ్చిన పిల్లలు రెండు రోజుల్లోపు ఇంకో చేపను పట్టుకోకపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది అవి నీళ్లలో ఈదే ఆ కొద్ది సమయంలోనే. చర్మం కింద ఉన్నదాన్నీ, గూట్లో ఉన్నదాన్నీ ఏమీ చేయలేదు. చుక్కలు పోయాయని మందు ఆపేస్తే వారానికి మళ్లీ మొదలయ్యేది అందుకే.

పైగా అది చాలాసార్లు ముందు మొప్పల్లో చేరుతుంది. అప్పుడు ఒంటిమీద చుక్క ఉండదు. అందుకే "చూడ్డానికి బాగానే ఉంది కదండీ" అనే మాటకు నేను ఒప్పుకోను. 25 డిగ్రీల నీళ్లలో ఈ చక్రం వారం రోజుల్లో తిరుగుతుంది, నీళ్లు చల్లబడితే ఇంకా సాగుతుంది. కొత్త చేపను నాలుగు వారాలు వేరే తొట్టిలో ఉంచమనేది ఈ లెక్కతోనే.

రొయ్యల చెరువులున్న వాళ్లకు ఇలా విడిగా ఉంచడం కొత్త కాదు. 1990లలో వైట్‌స్పాట్ అనే రొయ్యల జబ్బు కోస్తా రైతుల్ని ముంచేసింది. అది వైరస్, ఇక్‌తో సంబంధం లేదు. కానీ ఈరోజు విదేశాల నుంచి వచ్చే వనామీ తల్లి రొయ్యలు చెన్నై నీలాంకరైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉండి, పరీక్షలు దాటాకే రొయ్య పిల్లల్ని పుట్టించే హ్యాచరీలకు వెళ్తాయి.

మనకు అంత ఏర్పాటు అక్కర్లేదు. చిన్న చేపలకు నలభై లీటర్ల ప్లాస్టిక్ టబ్బు, హీటరు, దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క చాలు. అడుగున రాళ్లు వేయకండి, రెట్ట ఎలా ఉందో కనపడాలి. స్పాంజ్ ఫిల్టరు మాత్రం నెల ముందు నుంచే పెద్ద ట్యాంకులో నడపండి. మంచి బ్యాక్టీరియా పట్టని కొత్త స్పాంజ్ పెడితే జబ్బు కన్నా ముందు చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియానే చేపను చంపుతుంది. షాపు నీళ్లు టబ్బులో పోయకండి. వల, బకెట్టు, పైపు వేరుగా ఉంచుకోండి. నా రెండో వలకు ఎర్ర దారం కట్టాను, ఇంట్లో పిల్లలు కూడా మార్చి వాడరు. మేత ముందు పెద్ద ట్యాంకుకి, తర్వాతే టబ్బుకి. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఇంకొక్క మాట. ఇరవయ్యో రోజున మరో చేప నచ్చి తెచ్చి అదే టబ్బులో వేశారనుకోండి, లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచే, టబ్బులో ఉన్న అన్నిటికీ.